కొత్త పెట్టెలో మొదటి పొట్లం

పోయిన వారం చుక్కలమ్మను ల్యాబులో బల్ల ముందు కూర్చోబెట్టి వదిలేశాం. కొత్త పెట్టెలోని పొడి కలిపిన నీళ్ళ గొట్టంలో పరీక్ష పట్టీ ముంచి, గోడ గడియారం వంక చూస్తూ కూర్చుంది. ఒక గీత వస్తే పొడిలో పాలు లేనట్టు. రెండు గీతలొస్తే ఉన్నట్టు. పది నిమిషాలు ఆగాలి.

ఆ పది నిమిషాల్లో ఆమె మనసు అయిదు రోజుల వెనక్కి పోయి వచ్చింది. మనమూ ఒకసారి పోయి వద్దాం.

ఆమె అసలు పేరు ల్యాబులో ఎవరికీ అక్కర్లేదు. పసిపిల్లల మలంలోంచి సూక్ష్మజీవుల్ని తీసి, గుండ్రటి పళ్ళేల మీద పెంచి, అక్కడ మొలిచిన తెల్లటి చుక్కల్ని లెక్కపెట్టడం ఆమె పని. పన్నెండేళ్ళుగా అవే చుక్కలు. అందుకే చుక్కలమ్మ. "ఇంట్లో పిల్లల గుడ్డలు ఉతకమంటే ముక్కు మూసుకునేదానివి, ఇప్పుడు అదే సరుకుని మంచు పెట్టెలో దాచుకుంటున్నావు" అని చెల్లెలు ఏడిపించేది. ఆ చెల్లెలికి పెళ్ళయిన ఆరేళ్ళకు ఆడపిల్ల పుట్టింది. చెంచా కనబడితే చాలు నోరు తెరుస్తుందని ఆ పిల్లను పిచ్చుక అన్నారు. ఆపరేషన్ చేసి తీసిన బిడ్డ. పుట్టిన మర్నాటి నుంచే జ్వరం వస్తే ఘాటు మందులు వాడారు. మూడో నెలలో డబ్బా పాలు పట్టగానే ఒళ్ళంతా దద్దుర్లు లేచి, పెదాలు వాచిపోయాయి. ఈ పిల్లకు పాలు పడవు, జాగ్రత్త అని డాక్టర్లు గట్టిగా చెప్పారు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లోకి పాలు రాలేదు. బిడ్డకు తన పాలిస్తున్న తల్లి కూడా పాలు, పెరుగు ముట్టడం మానేసింది.

అప్పుడు చుక్కలమ్మే తమ పరిశోధన సంగతి చెప్పింది. పిచ్చుకలాంటి పిల్లల పేగుల్లో కొన్ని మంచి సూక్ష్మజీవులు తక్కువగా ఉంటున్నాయనీ, వాటిని పొడి చేసి రోజుకో పొట్లం పట్టిస్తే కొన్నాళ్ళకు ఒళ్ళు పాలను శత్రువులా చూడటం మానొచ్చనీ ఆ పరిశోధన నడిపే పెద్ద డాక్టరు నమ్మకం. "నా కళ్ళ ముందు తయారయ్యేదేనే, భయమెందుకు?" అంది చెల్లెలితో. రెండు నెలలు ఏ గొడవా లేదు. మంగళవారం పొద్దున కొత్త పెట్టె తెరిచారు. చెల్లెలు స్నానానికి వెళ్ళింది, మరిది ఉద్యోగానికి వెళ్ళాడు. నానమ్మ మొదటి పొట్లం చింపి, తీసి ఉంచిన తల్లిపాలలో కలిపి పిల్లకు పట్టింది. చెల్లెలు తల తుడుచుకుంటూ వచ్చేసరికి పిచ్చుక పెదాలు నీలంగా ఉన్నాయి.

అయిదు రోజులుగా పిల్ల గొంతులో గొట్టంతో ఊపిరి పీలుస్తోంది. కళ్ళు తెరవలేదు. పాలు కడుపులోకి పోతేనే ఇలా అవుతుందన్నారు ఆసుపత్రివాళ్ళు. ఇంట్లో ఉన్నది నానమ్మ. ఆవిడ చాటుగా వీధి చివర కొట్లో పాలు పోసిన టీ తాగి వస్తుందని అందరికీ తెలుసు. ఇంకేముంది, వేళ్ళన్నీ అటే చూపించాయి. చుక్కలమ్మ కూడా నమ్మింది. నిన్న చెల్లెలి వంటింట్లో ఆ కొత్త పెట్టెలోంచి ఒక్క పొట్లమే తీసి ఉండటం చూసేదాకా నమ్మింది.

పది నిమిషాలయ్యాయి.

మొదటి గీత ఎర్రగా వచ్చింది. అది ఎప్పుడూ వచ్చేదే. దాని కింద ఇంకొకటి వచ్చింది. సన్నగా వచ్చుంటే కళ్ళు మోసం చేశాయనుకునేది. అది మొదటిదాని కంటే ముదురుగా ఉంది.

చుక్కలమ్మ ఏడవలేదు. పన్నెండేళ్ళు లెక్కలు రాసిన చెయ్యి, అలవాటుగా పని చేసుకుపోయింది. పాత పెట్టెలో మిగిలిన పొట్లం ఒకటి తెచ్చుకుంది కదా, అది కలిపి ఇంకో పట్టీ ముంచింది. ఒకటే గీత. కొత్త పెట్టెలో పొట్లాలు ఇంకో మూడు చింపింది. మూడింటికీ రెండేసి గీతలు. బల్ల మీద అయిదు పట్టీలు వరసగా పెట్టి చూస్తూ కూర్చుంది. ఆ చూడటంలోనే ఆమెకు ఇంకొకటి తట్టింది.

కిందటి నెల లెక్క.

పొట్లాల్లోని సూక్ష్మజీవులు బతికుండాలి. వాటిని గడ్డకట్టించి ఎండబెట్టేటప్పుడు సగానికి పైగా చచ్చిపోయేవి. చావకుండా ఒక రకం చక్కెర కలిపేవాళ్ళు. అయినా చచ్చేవి. ఆమె పళ్ళేల మీద ఎప్పుడూ నలభై, యాభై చుక్కలకు మించి వచ్చేవి కావు. కిందటి నెల ఒక్కసారిగా నాలుగు వందలు దాటాయి. ఆమే లెక్కపెట్టింది. తప్పు పెట్టానేమోనని మూడుసార్లు పెట్టింది. పరిగెత్తుకుంటూ వెళ్ళి పెద్ద డాక్టరుకు చెప్తే ఆయన నవ్వి అందరికీ టీ తెప్పించాడు. కొత్త పద్ధతి పనిచేసిందన్నాడు. ఏం పద్ధతి అని ఎవరూ అడగలేదు. ఆమె కూడా అడగలేదు. కాలేజీలో చదువుకున్న పుస్తకంలోనే ఉంది. ఎండబెట్టేటప్పుడు సూక్ష్మజీవులకు వెన్న తీసిన పాలకంటే మంచి దుప్పటి లేదు.

పట్టీల్ని కాగితంలో చుట్టుకుని ఆయన గదికి వెళ్ళింది.

పెద్ద డాక్టరు కిటికీ దగ్గర నిలబడి ఫోను చూసుకుంటున్నాడు. అయిదు రోజులుగా రోజూ పిల్ల ఎలా ఉందని అడుగుతున్న మనిషి. పొడి బట్టతో కళ్ళజోడు తుడుచుకుంటూ, "రామ్మా, కూర్చో. పాప ఎలా ఉంది?" అన్నాడు.

ఆమె కూర్చోలేదు. పట్టీలు బల్ల మీద పరిచింది.

ఆయన వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. "ఇవెక్కడివి?"

"బిస్కెట్ ఫ్యాక్టరీవాళ్ళు వాడతారు సార్. పెట్టె మీద 'పాలు లేవు' అని అచ్చు వెయ్యాలంటే దీంతో చూసుకుంటారు."

"బిస్కెట్లకి."

"అవును సార్. బిస్కెట్లకి వాళ్ళు చూసుకుంటున్నారు. పిల్లలకిచ్చేదానికి మనం చూసుకోలేదు."

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. మళ్ళీ తీశాడు. "పాలు కలిపాక కడిగాం," అన్నాడు చివరికి, తనలో తను అనుకుంటున్నట్టు. "మూడుసార్లు కడిగాం."

"కడిగితే పోతుందా సార్?"

"పోవాలి."

"పోయిందో లేదో చూశారా?"

బయట ఎవరో బండి తోసుకుపోతున్న చప్పుడు. ఆయన వెళ్ళి తలుపు వేసి వచ్చాడు. తర్వాత మాట్లాడిన గొంతు వేరు. అది మీటింగుల్లో వాడే గొంతు. "చూడమ్మా, నీ బాధ నాకర్థమవుతుంది. నీ చెల్లెలి బిడ్డ. కానీ బాధలో ఉన్నవాళ్ళు చేసిన పరీక్షను పరీక్ష అనరు. పైగా పాపకి పాలు ఎలా వెళ్ళాయో మనకి తెలిసిపోయింది కదా."

"ఏం తెలిసింది?"

"నీకు చెప్పలేదా? పెద్దావిడ నిన్న సాయంత్రం ఒప్పుకుంది. టీ కోసం తెచ్చుకున్న పాలు పాప ఏడుస్తోందని ఒక చెంచా పట్టానని, తనే చెప్పింది. సంతకం కూడా పెట్టింది." ఆయన పక్కనున్న ఫైలు మీద అరచెయ్యి ఆనించాడు. తెరవలేదు.

చుక్కలమ్మ ఆ మూసిన ఫైలు వంకే చూసింది. ఒప్పుకుందా? రెండూ జరిగి ఉండొచ్చు కదా? పొట్లంలో పాలు ఉండటమూ నిజమే, ఆవిడ పట్టడమూ నిజమే అయితే? అప్పుడు ఈ పాపం ఎవరి ఖాతాది? అయినా నోరు ఒక మాటను వదల్లేదు.

"ఇంకో నలభై ఒక్క మంది పిల్లలున్నారు సార్. అందరికీ పాలు పడవు. కొందరు ఇంకా పాత పెట్టె వాడుతూ ఉంటారు. అది అయిపోగానే ఇది తెరుస్తారు. ఈ రోజే ఫోన్లు చేసి ఆపించండి."

"సోమవారం కమిటీ ఉంది. అక్కడ పెడతాను."

"ఇవాళ శనివారం సార్. రేపు పొద్దున ఎన్ని ఇళ్ళలో తెరుస్తారో!"

"ఉత్తపుణ్యానికి నలభై ఇళ్ళల్లో భయం పుట్టిస్తే రేపటి నుంచి ఒక్క తల్లి కూడా మన గడప తొక్కదు. పదేళ్ళ పని. ఎంతమంది పిల్లలకి దారి చూపించాల్సిన పని." ఆ మాట అంటున్నప్పుడు ఆయన కళ్ళల్లో నిజంగానే నీళ్ళు తిరిగాయి. చుక్కలమ్మకు అదే భయమేసింది. అబద్ధం చెప్పేవాడైతే ఎక్కడో ఒకచోట సిగ్గుపడతాడు. ఈయన నమ్ముతున్నాడు.

పట్టీలన్నీ దగ్గరకు లాక్కుని సొరుగులో వేశాడు. "ల్యాబు తాళంచెవి ఇచ్చి వెళ్ళు. ఇంట్లో ఇంత కష్టం పెట్టుకుని నువ్వు పని చెయ్యలేవు. వారం సెలవు తీసుకో."

ఆమె తాళంచెవి బల్ల మీద పెట్టింది. సంచిలో ఇంకా విప్పని పొట్లాలు రెండున్నాయన్న సంగతి చెప్పలేదు.

మెట్లు దిగుతూ ఆలోచించింది. ఆ నలభై ఒక్క మందికీ తనే ఫోను చేసేస్తే? ఎవరికి చేస్తుంది? వాళ్ళ పేర్లు, ఇళ్ళు, నంబర్లు అన్నీ ఆయన గదిలో ఇనప బీరువాలో ఉన్నాయి. ఆమెకు తెలిసినవి అంకెలు. ఏ అంకె పిల్లకు ఏ సూక్ష్మజీవి తక్కువో, ఏ అంకె పిల్లాడికి విరేచనాలు పట్టుకున్నాయో, ఎవరు పోయిన నెల పళ్ళరసం మొదలుపెట్టారో, అన్నీ నోటికి వచ్చు. ఒక్కరి మొహం చూడలేదు.

ఆసుపత్రికి వచ్చేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. పైకి, చెల్లెలి దగ్గరకు, కాళ్ళు రాలేదు. ముందు ఆవిడను అడగాలి.

నానమ్మ కింది అంతస్తులో పాలసీసాలు కడిగే గది పక్కన బెంచీ మీద ఉంది. పైకి రావద్దని కొడుకు అన్నప్పటి నుంచి అదే చోటు. ఆవిరి వాసన, సబ్బు వాసన. గదిలోంచి సీసాలు ఒకదానికొకటి తగులుతున్న చప్పుడు. ఆవిడ ఒళ్ళో చేతిసంచి పెట్టుకుని, దాని పట్టీ అంచును వేళ్ళతో మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెడుతోంది. ముప్పయ్యేళ్ళు కుట్టుమిషను తొక్కి ఒక్కగానొక్క కొడుకుని చదివించిన మనిషి. చేతులకు గుడ్డ దొరికితే ఊరుకోవు.

"అత్తయ్యగారూ."

ఆవిడ కళ్ళు చికిలించి చూసింది. "ఎవరూ, నువ్వా అమ్మా. కళ్ళజోడు ఇంట్లోనే ఉండిపోయింది. ఆ రోజు పరుగున వచ్చేశాంగా. పైన ఎలా ఉంది? నాకెవరూ చెప్పట్లేదు."

"అలాగే ఉంది." చుక్కలమ్మ పక్కన కూర్చుంది. ఎలా మొదలుపెట్టాలో తెలీక తిన్నగా అడిగేసింది. "మీరు పిల్లకి పాలు పట్టారా?"

"పట్టాను. ఒప్పుకున్నానుగా." ముందే కంఠతా పట్టిన మాటలా వచ్చింది.

"ఎన్ని?"

"ఒక చెంచా."

"చల్లగా ఉన్నాయా, వేడిగా ఉన్నాయా?"

ఆవిడ ఆగింది. "చల్లగానే."

"టీ కొట్లోంచి తెచ్చిన పాలు చల్లగా ఎందుకుంటాయి?"

"అదే... వేడిగానే ఉన్నాయి. ఊది పట్టాను."

"గ్లాసులో తెచ్చారా, ఫ్లాస్కులోనా?"

"ఏమోనమ్మా. పెద్దదాన్నయ్యాను, గుర్తుండట్లేదు. పట్టాను, అంతే. నన్ను ఎందుకిలా తవ్వుతావు?" అని మొహం తిప్పుకుంది. కాసేపటికి తిప్పుకున్న మొహంతోనే, గొంతు బాగా తగ్గించి అడిగింది. "మందు మొదలుపెట్టలేదా?"

"ఏ మందు?"

"అదే, ఆ మందు. ఏం తిన్నదో తెలిస్తేనే ఇవ్వగలం అన్నారుగా. నిన్న పెద్ద డాక్టరుగారు వచ్చి ఇక్కడే, నువ్వు కూర్చున్న చోటే కూర్చున్నాడు. ఎంత మంచిగా మాట్లాడాడనుకున్నావు! అమ్మా, మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు, పిల్ల కడుపులోకి పాలు పోయాయని మీరు చెబితే చాలు, దానికి తగ్గ మందు వేస్తాం, తెలీకుండా వేస్తే ప్రమాదం అన్నాడు. లేదు బాబూ, నేను పట్టలేదు అన్నాను. మూడుసార్లు అన్నాను. అయితే మేం చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే అన్నాడు." ఆవిడ సంచి పట్టీని మెలిపెట్టింది. "పిల్ల చచ్చిపోతుంటే నా మర్యాద ఎందుకమ్మా నాకు? పట్టానని చెప్పేశాను. సంతకం పెట్టమన్నాడు, పెట్టాను. నిన్న సాయంత్రం అనగా పెట్టాను. ఇంకా మొదలుపెట్టలేదా?"

చుక్కలమ్మ ఆవిడ చేతులు పట్టుకుంది. సూదిమొనలు గుచ్చుకుని గుచ్చుకుని గరుకెక్కిన వేళ్ళు. ఆ చేతులతోనే పొట్లం చింపింది. ఆ చేతుల్లో పెట్టిందెవరు?

"అత్తయ్యగారూ, అలాంటి మందు లేదు."

"లేకపోవడమేంటి?"

"లేదు. ఏం తిన్నా మందు ఒకటే. అది మంగళవారమే ఇచ్చారు. మీరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా దానికీ దీనికీ సంబంధం లేదు."

నానమ్మకు అర్థం కావడానికి టైము పట్టింది. అర్థమవుతున్నకొద్దీ ఆవిడ మొహంలో కోపం వస్తుందనుకుంది చుక్కలమ్మ. రాలేదు. "అయితే దానికి ఇంకేమీ చెయ్యరా?" అంది. ఇన్నాళ్ళూ ఆవిడ పట్టుకుని వేలాడిన తాడు అదొక్కటే. ఇప్పుడది కూడా తెగిపోయింది.

"రండి. పైకి పోదాం."

"వాడు రావద్దన్నాడమ్మా. నా కళ్ళ ముందు కనబడకు అన్నాడు."

"వాడికి నేను చెప్తాను."

"వద్దు. నేను కాదంటే వాళ్ళిద్దరూ మళ్ళీ ఒకరినొకరు అనుకుంటారు. నువ్వు స్నానానికి ఎందుకెళ్ళావని వాడు, నువ్వు ముసలిదాన్ని నమ్మి ఎందుకొదిలావని అది. నిన్నటి నుంచి నన్ను తిట్టుకుంటూ కాస్త ఒకటయ్యారు. అలా ఉండనీ."

"వాళ్ళు అనాల్సింది నన్ను," అంది చుక్కలమ్మ. "లేవండి."

ఐసీయూ బయట మూడు కుర్చీలు. ఒకదాంట్లో చెల్లెలు, ఒకదాంట్లో ఆమె సంచి. మరిది గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అయిదు రోజుల గడ్డం. తల్లిని చూడగానే అటు తిరిగాడు. "ఎందుకు తీసుకొచ్చావు వదినా?"

"ఆవిడ పాలు పట్టలేదు."

"తనే ఒప్పుకుంది."

"ఒప్పుకుంటే మందు వేస్తామని చెప్పి ఒప్పించారు." చుక్కలమ్మ చెల్లెలి వైపు తిరిగింది. వచ్చే దారంతా ఈ మాటలు ఎలా చెప్పాలో అనుకుంటూనే ఉంది. ఇప్పుడు ఒక్కటీ గుర్తు రాలేదు. "పొట్లంలో ఉన్నాయే పాలు. కొత్త పెట్టెలో. నేను పరీక్ష చేశాను. ఎండబెట్టే ముందు పాలు కలిపారు. నాకు తెలీదు. తెలుసుకోవాల్సింది. లెక్క పెరిగినప్పుడే అడగాల్సింది. అడగలేదు."

తలుపు గాజులోంచి లోపలి యంత్రం పచ్చదీపం చెల్లెలి చెంప మీద పడి ఆరుతోంది, మళ్ళీ పడి ఆరుతోంది.

"ఆ పెట్టె ఎవరు తెచ్చిచ్చారు?" అంది.

"నేనే."

"ఇంకోసారి చెప్పు."

"నేనే తెచ్చిచ్చాను."

"సోమవారం సాయంత్రం. పిల్ల నీ ముక్కు పట్టుకుని లాగింది. నువ్వు పెట్టెని దాని చేతికిచ్చి ఆడించావు." చెల్లెలి గొంతులో ఏడుపు లేదు. అదే దారుణంగా ఉంది. "నేను వద్దన్నానక్కా. మొదటిరోజే వద్దన్నాను. పడనివి మానేస్తే చాలు, ఇవన్నీ ఎందుకు అన్నాను. నా కళ్ళ ముందు తయారయ్యేదే అన్నావు నువ్వు."

అవునని చెప్పడానికి కూడా తనకు హక్కు లేదనిపించింది చుక్కలమ్మకు.

చెల్లెలు పక్క కుర్చీలో ఉన్న సంచి తీసి కింద పెట్టింది. అత్తగారి వంక చూడకుండానే, "కూర్చోండత్తయ్యా" అంది. నానమ్మ భయపడుతూ కుర్చీ అంచున కూర్చుంది. మూడో కుర్చీ ఖాళీగానే ఉంది. చుక్కలమ్మ దాని వైపు ఒక అడుగు వేసింది.

"నువ్వు నిలబడు," అంది చెల్లెలు.

ఆమె నిలబడింది.

మరిది అప్పటిదాకా తల్లి దగ్గరకు రాలేదు. వచ్చి ఏమనాలో తెలిసినట్టు లేదు. ఆమె ముందు గొంతుక్కూర్చుని, మొహంలోకి చూడలేక చేతిసంచిని చూస్తూ అన్నాడు. "ఏం కాగితమమ్మా అది? దేని మీద సంతకం పెట్టావు?"

"నాకేం తెలుసురా. కళ్ళజోడు లేదుగా. ఆయనే చదివి వినిపించాడు. ఇంకో కాపీ నా దగ్గర ఉంచుకోమన్నాడు." సంచిలో చెయ్యి పెట్టి, నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసింది. చెమటకు మెత్తబడి ఉంది.

అతను విప్పాడు. టైపు కొట్టిన కాగితం. చివర తల్లి సంతకం, వంకర్లు పోయి, కుట్టు తప్పిన గుడ్డలా. పైనుంచి మెల్లగా చదవడం మొదలుపెట్టాడు. రెండో వరస దగ్గర ఆగిపోయాడు. మళ్ళీ మొదటికి వెళ్ళి చదివాడు.

"వదినా, ఇది చూడు."

చుక్కలమ్మ అతని భుజం మీదుగా వంగింది.

'ఏడు నెలల పాప నానమ్మనైన నేను' అని ఉంది. అన్నీ టైపు అక్షరాలు కావవి. పాప అన్నది పెన్నుతో రాసింది. దాని కింద టైపు కొట్టిన మాటను అడ్డంగా కొట్టేశారు. ఏడు కూడా పెన్నుదే. నానమ్మ కూడా. హడావిడిగా కొట్టేశారేమో, కింద మాటలు చక్కగా కనబడుతూనే ఉన్నాయి. తొమ్మిది నెలల. బాబు. అమ్మమ్మ.

మిగతా కాగితమంతా మారకుండా అలాగే ఉంది. టీ కోసం తెచ్చుకున్న పాలు, బిడ్డ ఏడవటం, ఒక చెంచా.

పక్క కుర్చీలోంచి చెల్లెలు కూడా తొంగి ఆ మూడు మాటలూ చదివింది. ముందు అర్థమైంది చెల్లెలికే. ఆమె కుర్చీలోంచి లేచింది. అక్క చెయ్యి పట్టుకుంది. ప్రేమతో కాదు, గోళ్ళు దిగేలా.

"ఆ బాబు ఏమయ్యాడక్కా?"